క్యూలో నిలబడలేని బిడ్డ ఉంటే ఏమని అడగాలి?

వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ మా కార్యాలయానికి ప్రార్థన మనవులతో పాటు మరో రకం ఉత్తరాలు కూడా వస్తుంటాయి. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకో, కూతురి దగ్గరకో బయలుదేరే పెద్దవాళ్లు రాసేవి అవి. వీసా వచ్చింది, ఆవకాయ సర్దడం అయింది, క్షేమంగా చేరేలా ప్రార్థించండి అని రాస్తారు. ఈసారి గుంటూరు జిల్లా నుంచి ఒక సహోదరి రాసిన ఉత్తరంలో ఆ మనవితో పాటు ఒక ప్రశ్న కూడా ఉంది. ఆమె మనుమడికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. కొడుకు అందరికీ కలిపి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు టికెట్లు కొన్నాడు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టే వరుసలో పది నిమిషాలు నిలబడితేనే చెవులు మూసుకుని కేకలు పెట్టే పిల్లవాడు, గంటసేపు నిలబడాల్సిన చోట ఏమైపోతాడోనని ఆమె భయం. సదరం సర్టిఫికెట్ లాంటిది ఏదైనా పట్టుకెళ్తే విడిగా పంపిస్తారా, సంఘకాపరిగా మీరొక ఉత్తరం రాసిస్తారా అని అడిగారు.

ఆమెకు జవాబు రాశాము. ఇలాంటి సందేహమే ఇంకా కొన్ని కుటుంబాలకు ఉందని తెలిసి, తెలుసుకున్నంత మేరకు ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

ముందు, ఆ చోటు ఎలాంటిదో చూడని వారి కోసం. డిస్నీ వరల్డ్ ఓర్లాండో నగరానికి దగ్గరలో 1971 అక్టోబరులో మొదలైంది. ఇప్పుడు అందులో నాలుగు పెద్ద పార్కులు ఉన్నాయి. ఒక్కో ఆటకు ఒక్కో వరుస. సెలవు రోజుల్లో పేరున్న ఆటకు గంట, గంటన్నర నిలబడటం మామూలే. ఆట మాత్రం నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. అంటే రోజంతా చేసే పనిలో ఎక్కువ భాగం వరుసలో నిలబడటమే. ముందూ వెనకా తెలియని మనుషులు, తల మీద స్పీకర్ల మోత, మలుపు తిరిగితే చీకటి గుహలాంటి దారి. మనకు ఇవన్నీ సరదాయే. చప్పుడునూ తాకిడినీ తట్టుకోలేని పిల్లవాడికి అదే నరకం. వాడు చేసేది అల్లరి కాదని తల్లిదండ్రులకు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు.

ఇలాంటి వారికి వెసులుబాటు ఇవ్వడం అక్కడ పార్కు యజమాని దయ మీద ఆధారపడిన విషయం కాదు. 1990 జులై 26న అమెరికా అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ సంతకంతో వచ్చిన దివ్యాంగుల చట్టం హోటళ్లు, సినిమా హాళ్లు, దుకాణాలతో పాటు వినోద పార్కులకూ వర్తిస్తుంది. వైకల్యం ఉన్న వ్యక్తి మిగతా అందరిలాగే ఆ చోటును అనుభవించడానికి తమ పద్ధతుల్లో సహేతుకమైన మార్పులు చేయాలని ఆ చట్టం చెబుతుంది. ఆ మార్పుకు విడిగా రుసుము వసూలు చేయకూడదు. అడిగేవారు ఆ దేశ పౌరులై ఉండాలన్న షరతు లేదు. విజిటర్ వీసా మీద వెళ్లిన తాతయ్యా అడగవచ్చు, అక్కడే పుట్టిన మనుమడూ అడగవచ్చు. అయితే ‘సహేతుకమైన’ అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. అడిగినదల్లా ఇవ్వాలని చట్టం చెప్పలేదు. గొడవలన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

డిస్నీలో ఉన్న పద్ధతిని డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్ అంటారు. పొట్టిగా డీఏఎస్. చాలామంది అనుకున్నట్టు అది వరుసలో ముందుకు పంపించే చీటీ కాదు. వరుస గంట ఉంటే మీరూ దాదాపు గంట ఆగాల్సిందే. కాకపోతే ఆ గంటను వరుసలో గడపక్కర్లేదు. ఫోన్‌లోని యాప్‌లో ఆ ఆటకు తిరిగి రావాల్సిన సమయం ఇస్తారు. ఈలోగా నీడలో కూర్చోవచ్చు, తినవచ్చు, ప్రశాంతమైన మూల వెతుక్కోవచ్చు. సమయానికి వచ్చి వేరే దారిలో లోపలికి వెళ్తారు. బిడ్డతో పాటు దగ్గరి కుటుంబసభ్యులూ వెళ్లవచ్చు.

ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే మనం అడిగేటప్పుడు ఎదుటివారి మనసులో ఏముంటుందో అర్థమవుతుంది. 2013కు ముందు అక్కడ ఒక కార్డు ఉండేది. అది చూపిస్తే చాలా ఆటలకు పెద్దగా ఆగకుండా వెళ్లిపోయేవారు. ఆ ఏడాది కొన్ని ధనిక కుటుంబాలు వైకల్యం ఉన్న వ్యక్తులను గంటల లెక్కన కిరాయికి మాట్లాడుకుని, వారి పేరు మీద వరుసలు దాటుతున్నారని పత్రికలు రాశాయి. ఆ అక్టోబరులోనే పాత కార్డు తీసేసి డీఏఎస్ తెచ్చారు. ఆగే అలవాటే లేని ఆటిజం పిల్లలకు ఇది చాలదని కొన్ని కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. వాటిలో ప్రధానమైన కేసు ఏళ్ల తరబడి నడిచి, 2020లో ట్రయల్ కోర్టు తీర్పు డిస్నీ పక్షాన వచ్చింది. తర్వాత డీఏఎస్ అడిగేవారి సంఖ్య బాగా పెరిగిపోయిందని చెప్పి 2024లో నియమాలు మళ్లీ బిగించారు. ఫ్లోరిడాలో మే 20 నుంచి, కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో జూన్ 18 నుంచి కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆటిజం లాంటి ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం వల్ల ఎక్కువసేపు మామూలు వరుసలో ఉండలేనివారికే ఇప్పుడు డీఏఎస్ ఉద్దేశించారు. పేగుల జబ్బుతో మాటిమాటికీ బాత్రూముకు పరుగెత్తాల్సినవారు, కీళ్ల నొప్పులతో నిలబడలేనివారు ఎందరో అంతకుముందు పొందిన సదుపాయం వారికి అందకుండా పోయింది. ఇది న్యాయం కాదని వాళ్లు అంటున్నారు. మాకూ వారి బాధ న్యాయంగానే తోస్తుంది. కానీ దొంగ మాటలతో సదుపాయం తీసుకున్నవారు లేకపోతే తలుపు ఇంత ఇరుకయ్యేదా అన్న ప్రశ్న కూడా అడగాలి కదా.

ఇక అడిగే విధానం. పార్కు గేటు దగ్గరకు వెళ్లాక అడుగుదాంలే అనుకోకూడదు. ప్రయాణానికి కొన్ని వారాల ముందే డిస్నీ వెబ్‌సైటు ద్వారా వీడియో కాల్‌లో మాట్లాడాలి. ఎవరి కోసం అడుగుతున్నారో ఆ వ్యక్తి కాల్‌లో కనిపించాలి. పిల్లవాడే మాట్లాడాలని లేదు, తల్లో తండ్రో మాట్లాడవచ్చు. డాక్టరు ఉత్తరం అక్కర్లేదు, ఇస్తామన్నా చూడరు. సదరం సర్టిఫికెట్‌కు అక్కడ చట్టపరమైన విలువ లేదు. సంఘకాపరి ఉత్తరానికి అసలే లేదు. అందుకే ఆ సహోదరికి ఉత్తరం రాసివ్వలేదు. మరి దేన్నిబట్టి నిర్ణయిస్తారు? మీరు చెప్పే మాటలను బట్టి.

సరిగ్గా ఇక్కడే మన కుటుంబాలు దెబ్బతింటాయి.

మన ఇళ్లలో బిడ్డకున్న ఇబ్బందిని బయట చెప్పుకోవడం మనకు చేతకాదు. చిన్నప్పటి నుంచి కప్పిపుచ్చడమే అలవాటు. ‘కొంచెం లేటుగా మాట్లాడుతున్నాడు, వాళ్ల నాన్న కూడా అంతే.’ ‘కాస్త అల్లరి, పెద్దయితే సర్దుకుంటాడు.’ అక్క పెళ్లి సంబంధాలకు అడ్డం వస్తుందని, చుట్టాలు రకరకాలుగా అనుకుంటారని భయం. ఆ అలవాటు సముద్రం దాటినా పోదు. మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఇలాగే ఒక పెద్ద పార్కుకు వెళ్లే ముందు వీడియో కాల్‌లో మాట్లాడింది. పార్కు పేరు ఇక్కడ అనవసరం. తండ్రి మాట్లాడుతున్నాడు, పక్క సోఫాలో ఇండియా నుంచి వచ్చిన మామగారు కూర్చుని ఉన్నారు. వరుసలో నిలబడితే ఏమవుతుంది అని అడిగితే, మామగారి ముందు చెప్పలేక, ‘పెద్దగా ఏం లేదండీ, కాస్త చిరాకు పడతాడు, మేం చూసుకుంటాం’ అన్నాడు. అవతలివారు విన్నది రాసుకుని, వేరే మార్గాలు ఉన్నాయి, ఇది మీకు వర్తించదు అన్నారు. వారిని తప్పుపట్టడానికి లేదు. పార్కులో నలభై నిమిషాల తర్వాత పిల్లవాడు నేల మీద పడి తల కొట్టుకుంటుంటే, వెనకనున్న వందమంది చూస్తుండగా తల్లి వాడిని ఎత్తుకుని ఎదురుగా నడుచుకుంటూ బయటికొచ్చింది. ఫోన్‌లో మాతో చెబుతూ ఆమె ఏడ్చింది వాడి కోసం కాదు. ‘ఆ రోజు ఆయన నిజం చెప్పి ఉంటే చాలేది పాస్టర్ గారూ’ అంది.

కాబట్టి చెప్పాల్సింది జబ్బు పేరు కాదు, వరుసలో జరిగేది. ‘మా బాబుకు ఆటిజం’ అని ఆపేస్తే అవతలివారికి ఏమీ తెలియదు, ఎందుకంటే ఆటిజం ఉన్న పిల్లలంతా ఒకేలా ఉండరు. ‘ఎవరైనా తగిలితే కొడతాడు. పదిహేను నిమిషాలు దాటితే బట్టలు లాగేసుకుంటాడు. పోయిన నెల విమానాశ్రయంలో తనిఖీ వరుసలోంచి పారిపోతే ముగ్గురు పట్టుకున్నారు. ఒకసారి అలా మొదలైతే తేరుకోవడానికి రెండు గంటలు పడుతుంది, ఆ రోజిక ఏమీ చేయలేము’ అని చెప్పాలి. ఎన్ని నిమిషాలు, ఏం చేస్తాడు, ఆ తర్వాత ఏమవుతుంది, ఇంట్లో మీరు ఎలా నెగ్గుకొస్తున్నారు. ముందే కాగితం మీద రాసుకోండి. బిడ్డ వింటూ ఉండగా ఇవి చెప్పడం తల్లిదండ్రులకు కష్టం. వాడికి అర్థమయ్యే వయసైతే, ఎందుకు చెబుతున్నామో వాడితో ముందుగా మాట్లాడండి. పెద్దవాళ్లను మాత్రం ఆ అరగంట వేరే గదిలో కూర్చోబెట్టండి, తప్పులేదు.

లేనిది కలిపి చెప్పవద్దని వేరే చెప్పాలా? చెప్పిన మాట అబద్ధమని తేలితే ఆ వ్యక్తిని పార్కుల్లోకి శాశ్వతంగా రానివ్వమని, కొన్న టికెట్ల డబ్బు వెనక్కి ఇవ్వమని డిస్నీ స్పష్టంగా రాసి పెట్టింది.

డీఏఎస్ రాకపోతే అక్కడితో మాట ముగించవద్దు. ‘మరి మా బాబు విషయంలో మీరు ఏం చేయగలరు?’ అని అడగండి. వరుసలోంచి మధ్యలో బయటికి వచ్చి మళ్లీ తమవారిని కలుసుకునే ఏర్పాటు కొన్నిచోట్ల ఉంది. రైడర్ స్విచ్ అని మరొకటుంది. ఆట ఎక్కని బిడ్డ దగ్గర ఒక పెద్దవారు ఆగుతారు, మిగిలినవారు వెళ్లి రాగానే ఆగినవారు మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడకుండా వెళ్తారు. డబ్బు కట్టి తొందరగా వెళ్లే టికెట్ వేరే సంగతి. వైకల్యానికీ దానికీ సంబంధం లేదు.

ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ పార్కుల పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఐబీసీసీఈఎస్ అనే సంస్థ వెబ్‌సైటులో ముందుగా పేరు నమోదు చేసుకుని యాక్సెసిబిలిటీ కార్డు తీసుకోవాలి. కార్డుకు డబ్బు లేదు కానీ, ఇక్కడ పత్రాలు కావాలి. డాక్టరు రాసిన కాగితమో, బడివారు ఇచ్చిన పత్రమో జతచేయాలి. సిక్స్ ఫ్లాగ్స్ పార్కులు కూడా ఇదే కార్డును వాడుతున్నాయి. మన దగ్గరి ఆసుపత్రి నుంచి పత్రం తీసుకెళ్లేవారు ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద, జబ్బు పేరుతో పాటు వరుసలో నిలబడలేని సంగతి కూడా రాయించుకుంటే మంచిది. ఒక పార్కు వద్దన్న కాగితం పక్క పార్కుకు తప్పనిసరి. నియమాలు తరచూ మారుతుంటాయి గనుక టికెట్ కొనే రోజునే ఆ పార్కు వెబ్‌సైటు చూసుకోవాలి.

వీల్‌చైర్ గురించి రెండు మాటలు రాయకపోతే ఈ వ్యాసం మన తెలుగువారికి పనికిరాదు. విమానాశ్రయంలో వీల్‌చైర్ అడగడం మన పెద్దలకు బాగా అలవాటైంది. మోకాళ్లు అరిగిపోయినవారు అడిగితే అది వారి హక్కు. ఇంగ్లీషు రాదనే భయంతో, ఇమ్మిగ్రేషన్ వరుస తప్పుతుందనే ఆశతో అడిగేవారూ ఉన్నారని మనందరికీ తెలుసు. అక్కడ నేర్చుకున్న పాఠాన్ని పార్కులో వాడదామంటే కుదరదు. డిస్నీలో చాలా ఆటల వరుసలు వీల్‌చైర్ వెళ్లేంత వెడల్పుగా కట్టారు. చైర్‌లో ఉన్నవారు కూడా అందరితో పాటే ఆ వరుసలోనే వెళ్తారు. ఆటలు మూడు రకాలు. చైర్‌లో కూర్చునే ఎక్కగలిగినవి కొన్ని. మోటారు స్కూటర్ మీద వచ్చినవారు మామూలు వీల్‌చైర్‌లోకి మారాల్సినవి కొన్ని. చైర్ వదిలి ఆట బండిలోకి మారాల్సినవి ఇంకొన్ని. ఈ మూడో రకంలో అసలు చిక్కుంది. పార్కు సిబ్బంది మనిషిని ఎత్తరు, వారికి అనుమతి లేదు. ఎత్తి కూర్చోబెట్టగల మనిషి మీ వెంటే ఉండాలి. ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ అనే పడవ ఆటలో మాత్రం వీల్‌చైర్‌తో సహా ఎక్కే పడవలు ఉన్నాయి. అమ్మమ్మలకు, నానమ్మలకు అంతకన్నా హాయైనది లేదని వెళ్లొచ్చినవారు చెబుతారు. వీల్‌చైర్లు, స్కూటర్లు పార్కులో అద్దెకు దొరుకుతాయి కానీ, ముందు వచ్చినవారికే. ఎండాకాలం పదింటికి వెళితే స్కూటర్ మిగలదు.

చూపు లేనివారికి వర్ణన వినిపించే పరికరాలు, బ్రెయిలీ పుస్తకాలు ఉన్నాయి. వినికిడి లేనివారికి చేతిలో పట్టుకుంటే మాటలు అక్షరాలుగా కనిపించే పరికరం ఇస్తారు. కొన్ని రోజుల్లో ప్రదర్శనల దగ్గర సంజ్ఞా భాష అనువాదకులు ఉంటారు, అయితే అది అమెరికా సంజ్ఞా భాష. మన పిల్లలు నేర్చుకునే భారతీయ సంజ్ఞా భాష వేరు. ఇంగ్లీషు చదవగలిగిన బిడ్డకు ఆ పరికరమే మేలు. ఇన్సులిన్ లాంటి మందులు చల్లగా ఉంచడానికి ప్రథమ చికిత్స కేంద్రంలో అడగవచ్చు. పెద్ద వయసు కొడుకును తల్లి తోడుండి తీసుకెళ్లగలిగే విడి బాత్రూములు ఉన్నాయి. బయటి తిండిని డిస్నీ అడ్డుకోదు, గాజు సీసాలు మాత్రం వద్దంటుంది. పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టని పిల్లవాడుంటే డబ్బా నిండా పెట్టుకెళ్లండి.

అడగాల్సిన అవసరమే లేని పార్కు ఒకటుంది. టెక్సాస్‌లో ఉన్న మన సంఘ కుటుంబాలు దాని గురించి తెలుసుకోవాలి. శాన్ ఆంటోనియో నగరంలోని మోర్గాన్స్ వండర్‌ల్యాండ్. గోర్డన్ హార్ట్‌మన్ అనే ఇళ్ల నిర్మాణ వ్యాపారి, మోర్గాన్ అనే తన కుమార్తె కోసం ఆలోచించి 2010లో తెరిచారు. విహారానికి వెళ్లినచోట ఈత కొలనులో తన కూతురు ఆడుకుందామని దగ్గరకు వెళితే తక్కిన పిల్లలు లేచి వెళ్లిపోవడం ఆ తండ్రి కళ్లారా చూశారు. ఆ బాధ నుంచే పార్కు పుట్టింది. వైకల్యం ఉన్నవారికి అక్కడ ప్రవేశం ఉచితం. వీల్‌చైర్‌తో సహా ఎక్కే ఊయలలు, తిరుగుడు గుర్రాల ఆట ఉన్నాయి. 2017లో పక్కనే నీటి పార్కు కూడా కట్టారు. బ్యాటరీ నీళ్లలో పాడైపోతుంది కాబట్టి గాలి ఒత్తిడితో నడిచే వీల్‌చైర్లను అక్కడ వాడుతున్నారు.

మన దేశంలోనూ చట్టం లేక కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంతో సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సహేతుకమైన వెసులుబాటు అన్న మాట అందులోనూ ఉంది. అందరికీ అందుబాటు కల్పించే నియమాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి కావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మన దగ్గర లేనిది అడిగే అలవాటు. టికెట్ కొనకముందే పార్కుకు ఫోన్ చేసి, మా బిడ్డ పరిస్థితి ఇది, వరుస బయట ఆగే వీలుందా, వీల్‌చైర్ ఏ ఆటల దాకా వస్తుంది, వెంట వచ్చే మనిషికి టికెట్ కావాలా అని అడిగినవారు ఎందరు? ఒకసారి ఫోన్‌లో అడిగి, అదే సంగతి ఈమెయిల్‌లోనూ రాసి పెట్టుకుంటే గేటు దగ్గర చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. గేటు దగ్గరి కుర్రవాడు ‘మాకు తెలియదండీ’ అంటే మేనేజర్‌ను పిలవమనండి, గొంతు పెంచక్కర్లేదు.

ఆ గుంటూరు సహోదరికి మేము పంపింది ఉత్తరం కాదు, కొన్ని ప్రశ్నలు. ఆమె, ఆమె కోడలు ఫోన్‌లో కూర్చుని ఒక్కొక్కదానికీ జవాబు రాసుకున్నారట. మనుమడు బడిలో ఒకసారి ఎలా ప్రవర్తించాడో తనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదని, ఈ ప్రశ్నల వల్లే తెలిసిందని రాశారు. కాల్‌లో కోడలే మాట్లాడింది. డీఏఎస్ వచ్చింది. పడవ ఆట మూడుసార్లు ఎక్కాడట, బాణసంచా కాల్చే వేళకు మాత్రం ముందే గదికి వచ్చేశారట. వచ్చే జనవరిలో పిల్లవాడు హైదరాబాదు వస్తున్నాడు. నాంపల్లి ఎగ్జిబిషన్ చూపిద్దామనుకుంటున్నాము, అక్కడ ఇలా అడగాలంటే ఎవరిని అడగాలి అని ఉత్తరం చివర రాశారు. మేమింకా కనుక్కుంటున్నాము.